విమానంలో దోమల మందు: ఆస్తమా ఉన్నవాళ్లు ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు, ఆస్తమా ఉంది. అక్క పురుటికి సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్ వెళ్తోంది. విమానంలో దోమల మందు కొడతారట కదా, మాకు వద్దంటే మానేస్తారా? ఆమెకు ప్రమాదమా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మానరు. ఆస్ట్రేలియాకు వచ్చే అంతర్జాతీయ విమానాలన్నిటికీ ఇది తప్పనిసరి. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ అక్కడ ప్రధానంగా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోనే ఉంది. అది మిగతా చోట్లకు పాకకూడదని వాళ్ల పట్టుదల. 1994లో పారిస్ రువాసీ (చార్లెస్ డి గాల్) విమానాశ్రయం దగ్గర, విమానంలో వచ్చిన దోమల వల్ల కొందరికి మలేరియా సోకింది. కాబట్టి దీన్ని ఉత్త చాదస్తం అనలేం.

అయితే మందు ఎలా కొడతారన్నది విమానాన్ని బట్టి మారుతుంది. మొదటిది 'రెసిడ్యువల్' పద్ధతి: ఖాళీ విమానంలో గోడలకీ కార్పెట్లకీ పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టిస్తే ఎనిమిది వారాలు పనిచేస్తుంది. ఇందులో ప్రయాణికుల మీద తుంపర పడదు. రెండో పద్ధతిలో ప్రయాణికులు ఎక్కకముందే కొడతారు. మూడోది మీరు భయపడేది: అందరూ కూర్చున్నాక సిబ్బంది డబ్బా పట్టుకుని నడుస్తూ 2 శాతం డి-ఫినోత్రిన్ అనే పురుగుమందు కొట్టడం. వంద ఘనపు మీటర్లకు 35 గ్రాముల ద్రావణం, అంటే అసలు మందు 0.7 గ్రాములే. సెకనుకు ఒక సీట్ల వరుస దాటేలా నడవాలి. పరుగున పోతే దోమ బతుకుతుంది, ఒకేచోట నిలబడి కొడితే ఆ వరుసవాళ్లకు మోతాదు ఎక్కువవుతుంది. డబ్బా మూతి పైకి ఉండాలి, మనుషుల ముఖం వైపు కాదు.

ఈ మందు పురుగుల నరాలను పట్టేస్తుంది. మన కాలేయం మాత్రం దాన్ని త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది. చాలామందికి కాసేపు గొంతు గరగర, దగ్గు, కళ్లమంట ఉంటాయి, అంతే. అమ్మగారి విషయం వేరు. ఆస్తమాలో శ్వాసనాళాలు తుంపరకే, వాసనకే బిగుసుకోవచ్చు. ఎగురుతున్నప్పుడు గాలి గంటకు 20–30 సార్లు మారుతుంది కనుక మందు త్వరగానే పలచబడుతుంది. ఏసీ ఆగి, నేల మీద తలుపులు మూసి ఉన్న విమానంలో ఎక్కువసేపు నిలుస్తుంది.

టికెట్ కొనేముందే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేసి ఆ విమానానికి 'రెసిడ్యువల్' పద్ధతా, స్ప్రేనా అని అడగండి. మా సలహా మొదటిదే. స్ప్రే తప్పకపోతే ఎక్కగానే సిబ్బందికి ఆస్తమా సంగతి చెప్పాలి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ చెకిన్ సామానులో కాదు, చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా ఉండాలి. కొట్టేటప్పుడు కళ్లు మూసుకుని, ముక్కూ నోరూ పైట కొంగుతో కప్పుకోవాలి. ఆయాసం మొదలైతే దిగేదాకా ఓర్చుకోకుండా వెంటనే ఇన్‌హేలర్ పీల్చి, సిబ్బందిని పిలవాలి. రోజూ వాడే ఆస్తమా మందు ప్రయాణానికి ముందు ఒక్క పూటా మానొద్దు.

ప్రశ్న: తొమ్మిది నెలల బాబును అలాంటి విమానంలో కింద పాకనివ్వొచ్చా?
– ఓ తండ్రి, హైదరాబాద్

జవాబు: వద్దు. మందు పట్టించిన కార్పెట్ మీద పాకి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. ఒళ్లో గానీ మీరు తెచ్చుకున్న దుప్పటి మీద గానీ ఉంచండి. పాల సీసాకు మూత పెట్టి ఉంచి, పట్టేముందు మీ చేతులూ వాడి చేతులూ సబ్బుతో కడగండి.