బుజ్జికి, సోమవారానికి ముందు

చిరంజీవి బుజ్జికి,

పిన్ని దీవెనలు. ఉద్యోగం వచ్చిందని నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచి నా సంతోషం ఇంతా అంతా కాదు. తెనాలిలో మీ ఇంట్లో కూర్చునే పని. మేనేజరు అమెరికాలో, నార్త్ కరోలినాలో. ఇద్దరు పోలండ్‌లో, ఒకబ్బాయి బెంగళూరులో. "ఆఫీసుకెళ్లే పని లేదు పిన్నీ, ఇంట్లోనే కదా, హాయి" అన్నావు. ఆ మాట వినే ఈ ఉత్తరం రాస్తున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి అందరూ ఇళ్లలో లాప్‌టాప్‌లు తెరిచేనాటికి నేను చాలా ఏళ్లుగా ఇంటి నుంచే పని చేస్తున్నాను. హాయి ఉంది, కాదనను. అయితే అది వెంటనే రాదు. కొన్ని అలవాట్లు చేసుకున్నాక వస్తుంది.

నేను మొదలుపెట్టింది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌తో. అప్పట్లో హైదరాబాదులో ఆ పని నేర్పే సెంటర్లు చాలా ఉండేవి. అమెరికాలో డాక్టరు పేషెంటును చూశాక వివరాలన్నీ రికార్డరులో చెబుతాడు. ఆ ఆడియో మనకు వస్తుంది. హెడ్‌సెట్ పెట్టుకుని, కాలి కింద పెడల్ తొక్కి ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ టైపు చేయాలి. మా చిన్నవాడు పుట్టాక ఆ పని ఇంటికి తెచ్చుకున్నాను.

అందులో మాకు మొదట నేర్పింది టైపింగు కాదు, ఖాళీ వదలడం. మాట సరిగ్గా వినపడకపోతే అక్కడ గీత గీసి, ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో వినపడలేదో రాసి పై వాళ్లకు పంపాలి. ఊహించి మాత్రం రాయకూడదు. ఇలియం అనే మాటకు ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులు ఉన్నాయి. ఒక్క అక్షరం తేడా. పలికితే రెండూ ఒకటే. ఒకటి తుంటి ఎముక, రెండోది చిన్నపేగు చివరి భాగం. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. షుగరు పడిపోయిన మనిషికి షుగరు పెరిగిందని రాస్తే ఏమవుతుందో ఆలోచించు. నీ పనిలో ప్రాణాల మీదికి రాకపోవచ్చు. అయినా కాల్‌లో నార్త్ కరోలినా యాస సగం అర్థం కాక, మనందరికీ ఉన్న అలవాటు కొద్దీ తల ఊపి "యెస్" అన్నావనుకో, నాలుగు రోజుల పని తప్పుదారిలో పోతుంది. అర్థం కాలేదని చెప్పడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. కాల్ అవగానే "నాకు అర్థమైంది ఇది, నేను చేయబోయేది ఇది, ఈ రెండో ముక్క మాత్రం సరిగ్గా వినపడలేదు" అని నాలుగు వాక్యాలు రాసి పెట్టు. తప్పుంటే వాళ్లు అప్పుడే దిద్దుతారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఓ మే నెల రాత్రి, గాలివాన. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. చేతిలో మూడు ఫైళ్లున్నాయి, తెల్లారేలోగా పంపాలి. కరెంటు వస్తుందిలే అని కూర్చున్నాను. పదకొండయింది, ఒంటిగంటయింది. ఫోన్‌లో చార్జింగ్ ఉంది, టీమ్ లీడ్ నంబరు ఉంది. "ఇంత చిన్నదానికి ఫోనెందుకు, వచ్చాక గబగబా కొట్టేస్తాను" అనుకున్నాను. కరెంటు పొద్దున ఆరింటికి వచ్చింది. ఫైళ్లు ఆలస్యమయ్యాయి. ఆవిడ నన్ను తిట్టలేదు. "పదకొండింటికి చెప్పి ఉంటే ఇంకొకరికి ఇచ్చేదాన్ని కదమ్మా, నువ్వు చేస్తున్నావనే అనుకున్నాను" అంది, అంతే. ఆ మాట ఇన్నేళ్లయినా నా చెవిలోనే ఉంది.

బుజ్జీ, ఆఫీసులో అయితే నీ ముఖం చూసి పక్క సీటువాళ్లే "ఏమైంది?" అని అడుగుతారు. ఇక్కడ నీ ముఖం ఎవరికీ కనపడదు. నువ్వు మాట్లాడకుండా ఉంటే పని సాఫీగా సాగుతోందనే అనుకుంటారు. ఇబ్బంది వచ్చిన గంటలోనే చెప్పు. పూర్తిగా ఆగిపోయేదాకా ఆగకు. "ఇక్కడ ఆగిపోయాను, ఇవి ప్రయత్నించాను, ఇంకో గంట చూస్తాను, కాకపోతే మీ సాయం కావాలి" అని రాస్తే చాలు. అలా రాసేవాళ్లను టీము నమ్ముతుంది. నేను ఆ తర్వాత ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ టెస్టింగులోకి మారాను. అక్కడ కూడా ఇదే చూశాను. తెలివైన పిల్లలు కొందరు మూడేసి రోజులు నోరు మెదపకుండా తంటాలు పడేవారు. చివరికి టెన్షన్ అంతా వాళ్లదే.

రాయడం గురించి ఇంకొంచెం చెప్పాలి. చాట్‌లో "హాయ్" అని ఒక్క ముక్క పెట్టి జవాబు కోసం కూర్చోకు. పోలండ్ ఆయన అది రెండు గంటల తర్వాత చూసి "హాయ్, చెప్పు" అంటాడు. అప్పుడు నువ్వు భోజనానికి లేచి ఉంటావు. మళ్లీ నువ్వు అడిగేసరికి ఆయన రోజు అయిపోతుంది. ఒక్క ప్రశ్నకు ఒక పూట పోతుంది. పలకరింపు, ప్రశ్న, ఏ ఫైలు, ఏ స్క్రీన్, ఎర్రర్‌లో ఏముంది, జవాబు ఎప్పటిలోగా కావాలి, అన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టు. అవతలి మనిషి నిద్రలేచి నిన్ను ఏమీ అడగకుండానే జవాబు ఇవ్వగలగాలి.

"రేపు" అనే మాట వాడకు. మనకు మంగళవారం పొద్దున ఏడైతే అమెరికాలో మీ మేనేజరుకింకా సోమవారం రాత్రే. ఎవరి రేపు? తేదీ రాయి, టైము రాయి, అది ఎవరి టైమో రాయి. నెలను పేరుతోనే రాయి. 4/5 అంటే మనకు మే 4, అమెరికా వాళ్లకు ఏప్రిల్ 5.

ఇంకో చిక్కుంది. మన గడియారం ఏడాదంతా ఒకేలా ఉంటుంది, వాళ్లది అలా కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. పోలండ్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మీ మేనేజరు పొద్దున తొమ్మిదికి మీటింగు పెడితే ఎండాకాలంలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మార్చిలో అమెరికా గడియారం మారి, పోలండ్‌ది ఇంకా మారని ఆ రెండు మూడు వారాలు అందరికీ తికమకే. ఆ తేదీలు ఇప్పుడే క్యాలెండరులో పెట్టుకో. నీ ఫోన్ క్యాలెండరులో వాళ్ల ఊరి టైము కూడా కనపడేలా పెట్టుకోవచ్చు.

పండగలు కూడా అంతే. భోగి, సంక్రాంతి, కనుమ అని మనకు నోటికి వస్తాయి కానీ, జనవరిలో మూడు రోజులు నువ్వు ఉండవని వాళ్లకు ఎలా తెలుస్తుంది? డిసెంబరు మొదట్లోనే చెప్పు. వాళ్లవీ అడిగి తెలుసుకో. నవంబరు 1, 11 తేదీల్లో పోలండ్‌లో సెలవు. నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్, చాలామంది శుక్రవారం కూడా రారు. ఆ వారంలో వాళ్ల నుంచి ఏదైనా కావాలంటే సోమవారమే అడగాలి.

నేను ఖాళీ ఉన్నప్పుడు తెలుగు వికీపీడియాలో దిద్దుబాట్లు చేస్తుంటానని నీకు తెలుసు కదా. అది 2003 డిసెంబరులో మొదలైంది. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు వేలకు వేల వ్యాసాలు రాశారు. ఎలా కుదిరింది? ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో ఉంటుంది. ఎందుకు మార్చామో ఒక్క వాక్యంలో రాయడానికి చోటు ఉంటుంది. అభిప్రాయభేదం వస్తే చర్చ పేజీలో, అందరికీ కనపడేలా రాసుకుంటారు. ఆ ఒక్క వాక్యం రాయని మార్పు చూస్తే నాకే అనుమానం వస్తుంది, ఎందుకు తీసేశారిది అని. నీ టీములోనూ అంతే. విషయం ఇద్దరి మధ్య ప్రైవేటు చాట్‌లో తేల్చుకోకండి, టీమ్ చానెల్‌లో పెట్టండి. రాత్రి పని ముగించేటప్పుడు మూడు ముక్కలు రాసి లే: ఏమైంది, ఏం మిగిలింది, ఎవరి జవాబు కోసం ఆగింది. అయిదు నిమిషాల పని. ఆ నోట్సు ఒక కాపీ నీ దగ్గరా ఉంచుకో. ఏడాది చివర జీతం పెంచే మాట వచ్చినప్పుడు, నువ్వేం చేశావో కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు. ఆ నోట్సే నీ తరఫున మాట్లాడుతుంది.

ఇక ఇల్లు. అసలు కష్టం ఇక్కడే. నాకు ఆఫీసు పని కంటే ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పడమే ఎక్కువ కష్టమైంది. ఇంట్లో ఉన్న ఆడపిల్ల అంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ బండ వస్తే తలుపు తీయాలి, పాలు పొంగకుండా చూడాలి, చుట్టాలొస్తే కాఫీ ఇవ్వాలి. "లాప్‌టాప్ ముందే కదా కూర్చుంది, ఒక్క నిమిషం లేవలేదా" అంటారు. ఆ ఒక్క నిమిషం తర్వాత తెగిన ఆలోచన మళ్లీ అతుక్కోవడానికి పావుగంట పడుతుంది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. మీ అన్నయ్య ఇంటి నుంచి పని చేసినప్పుడు తలుపు దగ్గరగా వేసి, కాఫీ లోపలికే పంపారు. నీకూ అదే జరగాలి.

అక్కా, ఈ ఉత్తరం నువ్వూ చదువుతావని తెలుసు, నీతో కూడా చెబుతున్నాను. దాని పని టైములో దాన్ని పిలవకు. అది ఊరెళ్లిందనుకో.

బుజ్జీ, అలిగి గొడవ పడితే మాత్రం పని జరగదు. నేను చేసింది చెబుతాను. రోజూ పొద్దున ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించేదాన్ని. ఏ గంట నుంచి ఏ గంట వరకు పని, ఎప్పుడు కాల్ ఉంది, ఎప్పుడు ఖాళీ. అమ్మమ్మ మా ఇంట్లో ఉన్నప్పుడు ఒకరోజు ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకుని హెడ్‌సెట్ ఆవిడ చెవికి పెట్టాను. డాక్టరు గొంతు విని, నేను టైపు చేస్తుంటే అరగంట చూసింది. ఆ రోజు నుంచి ఆవిడే గుమ్మం దగ్గర కాపలా. నువ్వు కూడా మీ అమ్మకు ఒకసారి మీ టీమ్ కాల్ చూపించు, అడిగి, పర్మిషన్ ఉంటేనే. చూడని పనిని ఎవరూ పని అనుకోరు.

హాల్లో కూర్చోకు. వెనక గది చిన్నదైనా దానికి తలుపుంది. మంచం మీద అసలు వద్దు, నడుము పోతుంది, నిద్రా పోతుంది. డబ్బులు పెట్టాల్సి వస్తే ముందు కుర్చీకి పెట్టు. లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి స్క్రీన్ కంటి ఎత్తుకు తెచ్చుకుని, కీబోర్డు విడిగా కొనుక్కో. సాయంత్రం నుంచి రాత్రి దాకా కాల్స్ ఉంటాయి కాబట్టి పొద్దున కూడా పనికి కూర్చుని రోజంతా దానికే ఇవ్వకు. మధ్యాహ్నం మొదలుపెట్టే రోజులు ముందే టీముతో మాట్లాడి ఖాయం చేసుకో. పొద్దున నీది. బయటికి వెళ్లు, మనుషులతో మాట్లాడు. రోజంతా గదిలో ఉంటే మొదటి నెల తెలియదు, మూడో నెలకి దిగులు పట్టుకుంటుంది. నాకు పట్టుకుంది. పక్క వీధి గ్రంథాలయానికి వెళ్లి రోజూ గంట పేపరు చదవడం మొదలుపెట్టాక తగ్గింది.

ఆఫీసు లాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకు, తమ్ముడు ఎంత బతిమాలినా సరే. లేచేటప్పుడు స్క్రీన్ లాక్ చెయ్యి. మా రోజుల్లో పేషెంటు పేరు కాగితం మీద రాసుకోవడం కూడా తప్పే. మీ కస్టమర్ల వివరాలు కూడా అలాగే చూసుకో.

చివరిది కరెంటు, నెట్టు. మీ ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లు ఉన్నాయి కానీ, రౌటర్ పెట్టిన ప్లగ్గు ఆ లైనులో లేదని పోయినసారి వచ్చినప్పుడు చూశాను. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, నెట్టు మాత్రం పోతుంది. ఎలక్ట్రీషియన్‌తో ఆ ప్లగ్గు మార్పించు, లేదంటే రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొను. ఫైబర్ తెగిన రోజు కోసం ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ రెండోది ఉంచి, హాట్‌స్పాట్ మీద వీడియో కాల్ నడుస్తుందో లేదో ముందే చూసుకో. వెనక గదిలో సిగ్నల్ రాకపోతే ఏ కిటికీ దగ్గర వస్తుందో కనుక్కో.

ఆదివారం సాయంత్రం ఆరింటికి నాకు వీడియో కాల్ చెయ్యి. మనం మాట్లాడుతుండగా మెయిన్ ఆపమని నాన్నతో చెప్పు. కాల్ తెగిందో, ఇంకా ఒక పని మిగిలినట్టే. తెగకపోతే ఆ చీకట్లోనే నీ మొదటి రోజు నోట్సు ఎలా రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఉంటాను.

నీ పిన్ని