స్టార్ ఎప్పుడు దించాలి?

ప్రశ్న: క్రిస్మస్ మర్నాడే స్టార్, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ తీసేద్దామంటారు మా ఆయన, అత్తమ్మేమో జనవరి దాకా ఉండనీ అంటుంది. ఎవరిది సరి? పండక్కి వండే గులాబీ పువ్వులు కూడా అచ్చుకే అంటుకుపోతున్నాయి, ఒకటే టెన్షన్!
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: అత్తమ్మ మాటే వినండమ్మా. డిసెంబర్ 25తో పండుగ అయిపోదు, 12 రోజులు సాగుతుంది, జనవరి 6 జ్ఞానులు బాలయేసును దర్శించుకున్న పండుగ, అది అయ్యాకే దించడం చాలా ఇళ్లలో పాత ఆనవాయితీ. అందాకా జ్ఞానుల బొమ్మల్ని కిటికీలో పెట్టి, పిల్లలతో రోజుకు జానెడు చొప్పున పాక వైపు జరిపించండి, మా ఇంట్లో అట్లనే చేసేవాళ్లం, పొద్దున లేస్తూనే ఆ పని కోసం కొట్లాడేవాళ్లం.

గులాబీ పువ్వులకైతే అచ్చును కాగే నూనెలోనే బాగా వేడెక్కనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచండి. పై అంచు మునిగిందంటే పువ్వు ఊడదు. ముంచగానే చుయ్‌మనాలి, అనకపోతే అచ్చు ఇంకా కాగలేదన్నట్టే.