ఆ నవల చేతిలోంచి లాక్కోకండి

ప్రశ్న: మావారు పోయిన కార్తీకంలో గుండెపోటుతో పోయారు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. కర్మలు జరిగినన్నాళ్లూ కంటతడి పెట్టలేదు. ఇప్పుడు చదువు పక్కనపెట్టి ఇంగ్లీషు నవలలు చదువుతోంది. అన్నీ చావులూ, డిప్రెషనూ. ప్రస్తుతం 'ది క్యాచర్ ఇన్ ద రై' పట్టుకుంది. వాళ్ల నాన్న వాచీ పెట్టుకునే పడుకుంటుంది. "ఆ పుస్తకాలే పిల్లని పాడుచేస్తున్నాయి, తీసి పడెయ్" అంటోంది మా అక్క. ఏం చేయమంటారు?
- ఓ తల్లి, కాకినాడ

జవాబు: తీసి పడేయకండమ్మా. వీలైతే మీరూ చదవండి. శాఖా గ్రంథాలయంలో పనిచేసినదాన్ని, ఈ వయసు పిల్లలు ఏ పుస్తకం దగ్గర ఆగిపోతారో చూస్తూ వచ్చాను.

1951లో వచ్చిన ఆ నవలలో హోల్డెన్ అనే కుర్రాణ్ణి స్కూల్లోంచి పంపించేస్తే ఇంటికెళ్లకుండా న్యూయార్క్‌లో తిరుగుతుంటాడు. పైకి అందరి మీదా చిరాకే. లోపల దాచుకున్నది వేరు. తమ్ముడు అల్లీ లుకేమియాతో పోయాడు. ఆ రాత్రి హోల్డెన్ కారు షెడ్డులో పడుకుని, కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టేశాడు. తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ మాత్రం వదల్లేదు. ఫీల్డింగ్‌లో ఊరికే నిలబడ్డప్పుడు చదువుకుందామని ఆ పిల్లాడు దాని నిండా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. ఏదో గది గురించో ఇంటి గురించో వ్యాసం రాసిపెట్టమని రూమ్మేటు అడిగితే, హోల్డెన్ ఆ గ్లవ్ గురించి రాస్తాడు. మీ అమ్మాయి చేతికి ఆ వాచీ ఎందుకుందో వేరే చెప్పాలా?

పరామర్శకు వచ్చినవాళ్లు ఆ పిల్లతో ఏమన్నారో గుర్తు చేసుకోండి. "నువ్వు ఏడిస్తే అమ్మ ఇంకా బెంగపెట్టుకుంటుంది. పెద్దదానివి, నువ్వే ధైర్యం చెప్పాలి" అని ఉంటారు. ప్రేమతోనే అంటారు. విన్న పిల్ల ఏడుపు మింగేస్తుంది. తర్వాత కాలేజీ ఫారంలో తండ్రి పేరు ముందు 'లేట్' అని తన చేత్తోనే రాయాల్సి వస్తుంది. నిన్నటిదాకా ఫలానావారి అమ్మాయి, ఇవాళ 'తండ్రి లేని పిల్ల'. అసలు నేనెవర్ని అని వెతుక్కునే వయసులో ఇదొకటి వచ్చి పడితే, చెప్పుకోవడానికి మనిషి దొరకడం కష్టం. నవల దొరుకుతుంది.

తెలుగులోనూ ఇలాంటివి లేకపోలేదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో తల్లి గురించి లోకం అన్న మాటలు దయానిధిని వెంటాడుతూనే ఉంటాయి. నవీన్ 'అంపశయ్య' (1969) అయితే ఉస్మానియాలో చదివే రవి మనసులో ఒక్క రోజు ఏం నడుస్తుందో చెబుతుంది. నాకు రెండూ ఇష్టమే, కానీ డిగ్రీకి వచ్చాక ఇవ్వండి.

మీ భయం అక్కర్లేనిదని మాత్రం అనను. పుస్తకాన్ని కాదు, పిల్ల తీరును కనిపెట్టి ఉండండి. వారాల తరబడి నిద్రా తిండీ సరిగా లేకపోయినా, స్నేహితులతో మాట మానేసినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, "నేను లేకపోతేనే నయం" అన్నా ఆలస్యం చేయొద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడానికి మొహమాటపడకండి. హోల్డెన్ కూడా వైద్యం తీసుకుంటూనే మనకా కథంతా చెబుతాడు.

ఇంకొకటి. సంవత్సరీకం దగ్గరపడుతోంది కదా, ఆ రోజు ఎవర్ని పిలవాలి, ఏం చేయాలి అన్నది అమ్మాయిని కూడా అడగండి. మీకు ఏడుపొస్తే తన ఎదుటే ఏడవండి. బంధువులు వెళ్లిపోయాక వచ్చే వారం తనకి బరువుగా ఉండొచ్చు కాబట్టి, కాలేజీలో నమ్మకమైన లెక్చరర్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.