నర్సుల రీసెర్చ్‌లో బాబుని చేర్చమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా బాబుకి 8 ఏళ్లు. బ్లడ్ క్యాన్సర్‌కి (ఏఎల్ఎల్) హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. రోజూ వాడి నొప్పి, నిద్ర, నీరసం డైరీలో రాయాలని, అది తమ రీసెర్చ్ కోసమని నర్సు చెప్పారు. ప్రయోగాలు చేస్తారేమోనని మా అత్తగారికి ఒకటే టెన్షన్. రీసెర్చ్ డాక్టర్లు కదా చేసేది? - ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, మీ అత్తగారి భయం సహజమే. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఇందులో కొత్త మందేమీ లేదు. ఏ మందు, ఎంత డోసు అన్నది డాక్టర్లం మేం చూస్తాం; అది ఎక్కాక పిల్లాడు రాత్రంతా ఎలా ఉన్నాడు, నోట్లో పుండ్లతో పెరుగన్నమైనా మింగగలిగాడా, సూది అనగానే దుప్పట్లో ఎందుకు దూరుతున్నాడు అన్నవి దగ్గరుండి చూసేది నర్సులే. మరి వాటి మీద పరిశోధన వాళ్లు కాక ఎవరు చేస్తారు?

నొప్పి ఎంతుందో చూపించమని నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా 6 బొమ్మలున్న కార్డు ఇస్తారు చూడండి, దాన్ని 1980లలో తయారుచేసిన ఇద్దరిలో డోనా వాంగ్ పిల్లల నర్సే. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు వేసుకునే రోజుల్లో ఏఎల్ఎల్ పిల్లల నిద్ర తీరు మారిపోతుందని, నీరసం పెరుగుతుందని 2007లో చూపించింది కూడా పమేలా హైండ్స్ అనే నర్సు పరిశోధకురాలి బృందమే. ఈ సంగతి తెలిస్తే ఆ రోజుల్లో పిల్లాడు మంచం దిగకపోతే మొండితనం అనుకోం, హోంవర్క్ చేయమని వెంటపడం.

అలాగని అడిగిన వెంటనే సంతకం పెట్టేయకండి. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి, పరిశోధనలో పాల్గొనేవాళ్లకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, అదనంగా రక్తం తీస్తారా అని అడగండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ వయసు పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పి వాడి ఇష్టం కూడా కనుక్కోవాలి. వద్దనుకుంటే మధ్యలో మానేయొచ్చు, ట్రీట్‌మెంట్ ఆగదు.

చేరితే మాత్రం ఏ రోజుది ఆ రోజే, ఉన్నది ఉన్నట్టు రాయండి. చెకప్ ముందురోజు వారం మొత్తం గుర్తుచేసుకుని నింపితే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే డైరీలో రాసి ఊరుకోవద్దు, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనీ అనుకోవద్దు. కీమోతో తెల్లకణాలు తగ్గినప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది, ఆసుపత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. అర్ధరాత్రయినా సరే వార్డుకి ఫోన్ చేసి వెంటనే బయల్దేరండి.