తవ్వకు, నాననివ్వు

చిరంజీవి రవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆదివారం ఋషికొండ బీచిలో మునిగి లేచినప్పటి నుంచి కుడి చెవి మూసుకుపోయినట్టుందని, పిన్నీసుతో గుబిలి తీసేసుకుంటానని అన్నావట. ముందు ఆ పిన్నీసు మీ అమ్మకు ఇచ్చెయ్యి. తర్వాత ఈ ఉత్తరం చదువు.

గుబిలి మురికి కాదు నాయనా. చెవి దారిని తడి నుంచి, దుమ్ము నుంచి కాపాడడానికి బయటి భాగంలో ఊరుతుంది. మనం నమలడం, మాట్లాడడం చేస్తుంటే దానంతటదే మెల్లగా బయటికి జరిగి రాలిపోతుంది. చెవి దారి పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. లోపలి చర్మం ఉల్లిపొర కంటే నాజూకు, దాని వెనకే కర్ణభేరి. దూది పుల్ల పెడితే పైపైన కొంచెం అంటుకుని వస్తుంది, మిగిలినదంతా లోపలికి దిమ్మిస కొట్టినట్టు గట్టిపడుతుంది. నువ్వు పగలంతా పెట్టుకునే ఇయర్‌ఫోన్లూ అదే పని చేస్తాయి. అలా గట్టిపడిన గుబిలి సముద్రపు నీటికి ఉబ్బి దారి మూసేసి ఉంటుంది. నేను నర్సుగా ఉన్న రోజుల్లో ఒకాయన చెవిలోంచి చింతపిక్కంత నల్లటి ఉండ వచ్చింది. దాని కొసకు పుల్ల నుంచి ఊడిపోయిన దూది అంటుకుని ఉంది. ఎన్నాళ్ల కిందటిదో ఆయనకే గుర్తు లేదు.

ఒక చిన్న పరీక్ష చేసుకో. నోరు మూసుకుని 'మ్' అని కూనిరాగం తియ్యి. ఆ మోత మూసుకున్న చెవిలోనే గట్టిగా వినిపిస్తే దారిలో అడ్డం ఉన్నట్టు, చాలాసార్లు అది గుబిలే. మోత మంచి చెవి వైపు వెళ్తే మాత్రం చుక్కల మందుతో కాలక్షేపం చెయ్యకు. లోపలి నరం సంగతి కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి, దానికి వైద్యం మొదటి రోజుల్లో అందితేనే మేలు.

గుబిలే అయితే మందుల షాపులో గుబిలి నానబెట్టే చుక్కలు అడుగు, సోడియం బైకార్బొనేట్ చుక్కలైనా సరే. సీసాను గుప్పిట్లో రెండు మూడు నిమిషాలు పట్టుకో, ఒంటి వేడి వస్తే చాలు. పక్కకు పడుకుని చెవిని పైకీ వెనక్కీ లాగి మూడు నాలుగు చుక్కలు వెయ్యి. చెవి రంధ్రం ముందుండే చిన్న మిట్టను నాలుగైదు సార్లు నొక్కి, అయిదు నిమిషాలు కదలకుండా ఉండు. రోజుకు రెండు మూడు సార్లు, మూడు నుంచి అయిదు రోజులు. మొదట్లో ఉబ్బి ఇంకా తక్కువ వినిపించవచ్చు, కంగారు పడకు. బయటికి కారినది గుడ్డతో తుడువు, అంతే.

వెల్లుల్లి వేసి కాచిన నూనె మాట ఎవరైనా ఎత్తితే నన్ను తలుచుకో. పెళ్లైన కొత్తలో మా అత్తగారి మాట కాదనలేక మీ పెదనాన్న చెవిలో పోశాను. చెంచా కొసన వెచ్చగా అనిపించింది, చెవిలో బొబ్బ లేచింది. నర్సునై ఉండి! పది రోజులు ఆయన ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతారు.

విశాఖ ఉక్కపోతలో మరో చిక్కుంది. తడి ఆరని చెవిలో బూజు పడుతుంది. గుబిలి కంటే దురద ఎక్కువ, లోపల తడిసిన కాగితం ముద్దలా కనిపిస్తుంది. దానికి మందు వేరు. అందుకే వారం వారం చెవిలో నూనె వేసుకునే అలవాటు నాకు నచ్చదు.

చీము, రక్తం, నొప్పి, తల తిరగడం ఉన్నా, కర్ణభేరికి చిల్లు ఉందని ఎప్పుడైనా చెప్పి ఉన్నా, ఇదివరకు చెవికి ఆపరేషన్ జరిగినా ఇంట్లో ఒక్క చుక్క కూడా వెయ్యవద్దు. మధుమేహం ఉన్నవాళ్లూ ముందు డాక్టరును అడగాలి. అయిదు రోజులకూ తెరుచుకోకపోతే చెవి డాక్టరు దగ్గర పీల్చి తీయించుకో. తీసేటప్పుడు దగ్గు వస్తే భయపడకు, చెవి దారిలోని ఒక నరానికి గొంతుతో చుట్టరికం ఉంది. సిరంజితో నీళ్లు కొట్టే పని మాత్రం నువ్వు పెట్టుకోకు. నీళ్లు చల్లగా ఉన్నా, మరీ వేడిగా ఉన్నా కళ్లు తిరిగి పడిపోతావు.

చెవి బాగయ్యేవరకు ఋషికొండ, ఇయర్‌ఫోన్లు రెండూ బంద్. శనివారం ఫోను చెయ్యి, కుడి చెవికే పెట్టుకుని మాట్లాడు.

పెద్దమ్మ