పసిపాపకి మందు ఎక్కించి తీసే పేగు ఎక్స్‌రే: తీయించవచ్చా?

మీ అక్కగారి పాపకి మూడు వారాలు, పుట్టాక మూడో రోజుకి గానీ నల్ల విరేచనం కాలేదు, పొట్ట ఉబ్బుతోంది, అమలాపురంలో డాక్టరుగారు కింద నుంచి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించమన్నారు, పెద్దవాళ్లు వద్దంటున్నారు అని రాశారు. మా బాబుకి ఇదే పరీక్ష చేశారండి. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బని (పేగు చివరి భాగంలో నరాల కణాలు లేక మలం కదలకపోవడం) తేలి ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. తీయించండి, ఆలస్యం చేయొద్దు. నెలలు నిండిన బిడ్డకి ఆ నల్ల విరేచనం 24 గంటల్లో, మహా అయితే 48 గంటల్లో అయిపోవాలి.

పరీక్షకి ముందు ఆముదంలో ముంచిన తమలపాకు కాడ గానీ, సబ్బు ముక్క గానీ ఎవరినీ పెట్టనివ్వకండి. మన వైపు అమ్మమ్మలు మొదట చేసేది అదే, ప్రేమతోనే చేస్తారు. కానీ దానివల్ల పేగు ఖాళీ అయితే ఫిల్ములో సన్న పేగు భాగానికీ ఉబ్బిన భాగానికీ మధ్య కనపడాల్సిన తేడా చెరిగిపోవచ్చు. డాక్టరే పేగు కడిగించి ఉంటే ఆ సంగతి ఎక్స్‌రే గదిలో చెప్పండి.

మత్తు ఇవ్వరు. మెత్తటి సన్న గొట్టం కొంచెం లోపలికి పెట్టి, నీళ్లలో కలిసే అయోడిన్ మందు గానీ పల్చటి బేరియం గానీ మెల్లగా పంపుతారు. పాప ఏడుస్తుంది, అంతే. రేడియేషన్ భయం నాకూ ఉండేది, కానీ అవసరమైన క్షణాల్లోనే తెర వెలిగిస్తారు. పాపను పట్టుకోవడానికి గర్భిణులు ఎవరూ లోపలికి వెళ్లకూడదు.

ఫిల్ము చూసి చాలామంది ఉబ్బిన పేగే చెడిపోయిందనుకుంటారు. నిజం తిరగబడి ఉంటుందండి. పంట కాలువలో తూము మూసుకుపోతే నీళ్లు ఎగువనే కదా పొంగేది. అలాగే కింద సన్నగా కనిపించే భాగంలో పేగును కదిలించే నరాల కణాలు పుట్టుకతోనే ఉండవు, అది వదులు కాదు. పైన ఉబ్బిన పేగు మంచిదే, మలం తోసి తోసి సాగిపోయింది. సన్న భాగం ఎక్కడ ఆగుతుందో చూస్తే ఎంత పేగు తీయాలో సర్జన్‌కి ఒక అంచనా వస్తుంది. ఎక్కువమందిలో అది మలాశయం, దాని పై వంపు దాకానే ఉంటుంది.

పసిపిల్లల్లో ఆ తేడా మొదట్లో స్పష్టంగా ఉండకపోవచ్చు. అందుకే 24 గంటల తర్వాత ఇంకో ఫిల్ము తీయమంటారు. మందు ఇంకా లోపలే నిలిచి ఉంటే అనుమానం బలపడుతుంది. ఫిల్ము మామూలుగా ఉందని చెప్పినా వదిలేయకండి. చివరిమాట బయాప్సీదే. మలాశయం లోపొర నుంచి చిన్న ముక్క పీల్చి తీస్తారు, ఆ చోట నొప్పి తెలియదు కాబట్టి పసివాళ్లకి మత్తు లేకుండానే చేస్తారు.

పాప ఆకుపచ్చగా కక్కితే మాత్రం ఈ పరీక్ష తేదీ కోసం ఆగకండి. పేగు మెలిపడి ఉండవచ్చు, గంటల్లో రక్తం ఆగి పేగు చచ్చిపోతుంది. దానికి చేసేది వేరే పరీక్ష, పై నుంచి మందు పంపి చూస్తారు. జ్వరంతో కంపు కొట్టే నీళ్ల విరేచనాలు చిమ్మినట్టు అయినా, పాప మందకొడిగా పడి ఉన్నా అంతే, అప్పుడు ఈ ఎక్స్‌రే కూడా వాయిదా వేస్తారు. 108కి ఫోన్ చేసి, కాకినాడ గానీ రాజమండ్రి గానీ, పిల్లల సర్జన్ ఎక్కడ ఉన్నారో కనుక్కుని నేరుగా అక్కడికే వెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ఫిల్ములన్నీ వెంట తీసుకెళ్లండి.