నాలుకకు కొంత గడువు ఇవ్వు

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. ఆపరేషన్ అయి పన్నెండు రోజులైందనీ, కుట్లు బాగా మానుతున్నాయనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఏది తాగినా వెగటుగా ఉందంటోంది వదినా, లోపల ఏమైనా తేడా చేసిందేమో" అంది. దానికి జవాబు ఫోనులో రెండు ముక్కల్లో చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం.

బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసే ఈ స్లీవ్ ఆపరేషన్ తర్వాత ఇలా కావడం మామూలే, తల్లీ. తొమ్మిదేళ్ల కిందట నాకు జరిగిందీ అదే ఆపరేషన్. రెండో నెలలో డాక్టరు కాఫీ తాగవచ్చన్న రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ముప్పై ఏళ్లుగా తెల్లవారగానే తాగిన కాఫీ. కప్పు రెండు చేతులతో పట్టుకున్నాను. ఆవిరి ముఖానికి తగలగానే ఏదో మాడిన వాసన. ఒక గుక్క తాగితే తుప్పు పట్టిన మేకును నాలుక మీద పెట్టుకున్నట్టు ఉంది. పాలు విరిగాయేమో అనుకున్నాను. మీ మామయ్య అదే కప్పులోంచి తాగి, "బాగానే ఉంది కదా" అన్నారు. నేను సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. కడుపు చిన్నదవుతుందని తెలిసే సంతకం పెట్టాను. కాఫీ దూరమవుతుందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. నీకు ముందుగా చెప్పవలసింది నేనే. చెప్పనందుకు బాధగా ఉంది.

ఈ కొన్ని నెలలు నీ నాలుక చెప్పేది విను. కానీ దాని మాటే చివరి తీర్పు అనుకోకు. ఈ రోజు వద్దన్నదాన్ని రెండు వారాల తర్వాత అది అడిగి తీసుకోవచ్చు.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. స్లీవ్‌లో కడుపులో నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని కనుగొన్నారు. బరువు తగ్గడానికే, ఆహారాన్ని పేగులో కొంత భాగం దాటించే బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఆహారం పేగు కింది భాగానికి త్వరగా చేరుతుంది కాబట్టి, "ఇక చాలు" అని మెదడుకు కబురు పంపే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు బాగా పెరుగుతాయి. కడుపుకూ నాలుకకూ సంబంధం లేదనుకుంటాం. కానీ తిండి మీద మనసు పుట్టించే మెదడు భాగాలకు కూడా ఈ కబుర్లే చేరతాయి. నిన్నటిదాకా నోరూరించినది ఈ రోజు మొహం మొత్తడానికి ఇదొక కారణం. వీటికి తోడు నీళ్లు చాలక నోరు ఎండిపోతుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే పదార్థాలు పుడతాయి కాబట్టి నోట్లో వింత రుచి తేలుతుంది. కొన్ని మందులు ఇనుప రుచి పుట్టిస్తాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ అలాంటిదే. నువ్వు వేసుకుంటున్న మందుల జాబితా డాక్టరుకు ఒకసారి చూపించు.

అందరికీ ఒకేలా ఉండదు. ఒకరికి తీపి పడదు, ఇంకొకరికి మాంసం వాసన పడదు, మరొకరికి పాలు. ఏ మార్పూ తెలియనివాళ్లూ ఉంటారు. వాళ్లకు ఆపరేషన్ పనిచేయలేదని అర్థం కాదు.

ఇక నేను చేసిన పొరపాటు చెబుతాను, నువ్వు చేయకు. మెత్తని ఆహారం నుంచి మామూలు ఆహారానికి మారిన కొత్తలో, కొంచెం వికారంగా ఉన్నా, ప్రొటీన్ కావాలి కదా అని చికెన్ ముక్క గబగబా నమిలి మింగాను. అది దిగకుండా ఛాతీలో రాయిలా నిలబడింది. పావుగంట నరకం చూసి కక్కేశాను. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు చికెన్ వాసన వస్తేనే గొంతు బిగుసుకునేది. తప్పు చికెన్‌ది కాదు. 1955లో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీళ్లు ఇస్తూ, వికారం పుట్టించే రేడియేషన్‌కు గురిచేశారు. ఆ తర్వాత ఎలుకలు ఆ తీపి నీళ్లకు దూరంగా ఉన్నాయి. మన ఒంట్లోనూ ఆ పాత జాగ్రత్తే ఉంది: ఏది తిన్నాక కడుపులో తిప్పిందో దాన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వదు. కాబట్టి వికారంగా ఉన్న రోజున కొత్త పదార్థం ఏదీ మొదలుపెట్టకు. ఒంట్లో కుదురుగా ఉన్న రోజున, ఒక్కటే కొత్తది, రెండు చెంచాలు, ప్రతి ముద్దా మెత్తటి గుజ్జయ్యేదాకా నమిలి. వెగటనిపిస్తే పక్కన పెట్టి, పుస్తకంలో తేదీ రాసుకుని, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చూడు.

అసలు ఇబ్బంది ప్రొటీన్‌తోనే. సాధారణంగా రోజుకు 60 నుంచి 80 గ్రాములు చెబుతారు. నీకు ఎంతో మీ డైటీషియన్ చెప్పిందే ఖాయం. నోటికి రుచి లేదని ఇది మానేస్తే కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది. నేను ఆపరేషన్‌కు ముందు రుచి చూసి నచ్చిన ప్రొటీన్ పొడిని పెద్ద డబ్బాలు మూడు కొని పెట్టుకున్నాను. ఆపరేషన్ తర్వాత మొదటి గుక్కకే ఆ తీపి నాలుకకు జిడ్డులా పట్టుకుంది. మూడు డబ్బాలూ ఇతరులకు ఇచ్చేశాను. నువ్వు చిన్న పొట్లాలే కొనుక్కో. ఏ రుచీ కలపని పొడి కూడా దొరుకుతుంది. దాన్ని సూపులో కలుపుకోవచ్చు. మరిగే సూపులో వేస్తే ఉండలు కడుతుంది, గోరువెచ్చగా అయ్యాక వేయి.

ఇంకో చిన్న కిటుకు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. వేడి పదార్థం వాసన ఎక్కువగా వదులుతుంది. ఉడికించిన గుడ్డు పెంకు తీయగానే నాకు కడుపులో తిప్పేది. అదే గుడ్డును ఫ్రిజ్‌లో చల్లార్చి, ముక్కలు చేసి, పెరుగుతో తింటే హాయిగా దిగేది. ఇనుప రుచి తగులుతుంటే లోహపు చెంచా మానేసి చెక్కదో ప్లాస్టిక్‌దో వాడి చూడు, నాకు పనికొచ్చింది. పోపు వాసన పడకపోతే కొన్నాళ్లు వంట ఇంకొకరికి అప్పగించు. అందులో మొహమాటం ఏమీ లేదు.

తీపి సంగతి మాత్రం విడిగా చెప్పాలి. ఇప్పుడు తీపి మీద మనసు పోకపోవడం నీకు దొరికిన మంచి సమయం. చాలామందికి నెలలు గడిచేకొద్దీ ఆ ఇష్టం కొంతైనా తిరిగి వస్తుంది. అది వచ్చేలోపు వేళకు తినడం, చిన్న పళ్లెం, ముందు ప్రొటీన్ తినడం, భోజనంతో పాటు నీళ్లు తాగకుండా అరగంట ఆగడం నీకు అలవాటైపోవాలి. తీపి తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండె దడ, చెమటలు, విరేచనం వస్తే దాన్ని డంపింగ్ అంటారు. బైపాస్‌లో ఎక్కువ, స్లీవ్‌లోనూ రావచ్చు. అలా జరిగితే నిన్ను నువ్వు తిట్టుకోకు. ఏమి తిన్నావో, ఎంత తిన్నావో రాసుకుంటే చాలు.

కొన్నిటిని మాత్రం "మామూలే" అని వదిలేయకూడదు. నెలలు గడిచాక కూడా దేనికీ రుచి తెలియకపోతే జింక్ తక్కువైందేమో చూపించుకోవాలి. అలాగని నీ అంతట నువ్వు జింక్ మాత్రలు మింగకు, అది ఎక్కువైతే ఒంటికి కావలసిన రాగి (కాపర్) పట్టదు. నాలుక ఎర్రగా నున్నగా మారి మండుతుంటే బీ12 గానీ ఇనుము గానీ తగ్గి ఉండవచ్చు. ఐసు ముక్కలు నమలాలని ఆగని కోరిక పుట్టడం కూడా ఇనుము లోపానికి గుర్తే. విటమిన్ మాత్ర రుచి పడలేదని ఆపేయకు, వేరే రూపంలో ఇమ్మని అడుగు. వాంతులు ఆగకుండా, నీళ్లు కూడా నిలవకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఒంట్లో బీ1 నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అడుగంటితే నరాలకూ మెదడుకూ ప్రమాదం. ఈ పేరా మీ అమ్మతో కూడా చదివించు.

"ఒక్క ముద్ద తిను, నా కోసం" అని ఇంట్లో బతిమాలడం మానమని నేనే వాళ్లకు చెబుతాను. నువ్వు మాత్రం భోజనాల వేళ గదిలోకి వెళ్లిపోకు. ఏమీ తినకపోయినా గిన్నెలో సూపు పట్టుకుని అందరితో కూర్చో. నేను ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఒంటరిగా తిన్నాను. కాఫీ కన్నా నాకు ఎక్కువ వెలితి అనిపించింది అదే.

కాఫీ మళ్లీ వచ్చింది. దాదాపు ఏడాది తర్వాత, చక్కెర లేకుండా, అర కప్పు. పాత రుచి కాదు, కానీ ఇప్పుడు నాకు ఇదే ఇష్టం.

ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను. అప్పటికి సూపు ఒకసారి వేడిగా, ఒకసారి చల్లార్చి తాగి చూసి, ఏది దిగిందో చెప్పు.

ప్రేమతో,
అత్త